ఆటోమేటిక్ చోక్ మొరాయిస్తే ముందు గడియారం చూడండి, మూత తర్వాత తిప్పొచ్చు

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కావడం లేదంటే చాలామంది చెయ్యి నేరుగా, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ పక్కనున్న గుండ్రటి నల్ల మూత మీదికే వెళ్తుంది. మూడు స్క్రూలు వదులు చేసి, అటు రెండు గీతలు, ఇటు రెండు గీతలు తిప్పి చూస్తారు. ఒకరోజు బాగానే ఉంటుంది, మర్నాటికి కథ మళ్లీ మొదటికొస్తుంది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే ఏర్పాటే చోక్; దాన్ని బాగుచేయడంలో ఆ మూత తిప్పడం ఆఖరి పని. దాన్నే మొదటి పనిగా పెట్టుకోవడం వల్ల అసలు తప్పు అలాగే ఉండిపోయి, దాని మీద కొత్త తప్పొకటి వచ్చి చేరుతుంది.

మన అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ చోక్ చేత్తో లాగేదే. లాగి, సెల్ఫ్ కొట్టి, ఇంజిన్ అందుకోగానే కాస్త లోపలికి తోసి, వేడెక్కే కొద్దీ మిగతాది తోసేసేవాళ్లు. ఎంత లాగాలో చేతికీ, ఎప్పుడు తొయ్యాలో చెవికీ తెలిసేది. 1960, 70ల నాటి అమెరికన్ కార్లలో, 1961 మోడల్ నుంచి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో, ఆ చేతి పనీ చెవి పనీ కలిపి ఒక లోహపు చుట్టకీ నాలుగైదు మీటలకీ అప్పగించారు. ఆ చుట్ట ఒక్కటే చోక్ అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. నిజానికి అక్కడ ఒకే ఇరుసు చుట్టూ ఐదు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఏ పని ఆగిపోయిందో ఇబ్బంది ఎన్నో నిమిషంలో కనబడిందన్నదే చెబుతుంది.

ఆ ఐదు పనులు

పెట్రోలు ఆవిరైతేనే మండుతుంది. రసాయన లెక్కలో ఒక భాగం పెట్రోలుకి బరువులో 14.7 భాగాల గాలి సరిపోతుంది. అయితే చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు తుంపరలు మానిఫోల్డ్ (సిలిండర్లకి మిశ్రమాన్ని పంచే గొట్టాలు) గోడలకే అంటుకుని తడిగా మిగిలిపోతాయి. సిలిండర్‌కి చేరే ఆవిరి కొంచెమే. ఆ కొంచెమైనా అంటుకునేంత ఉండాలంటే మొత్తం మీద చాలా ఎక్కువ పెట్రోలు పొయ్యాలి. అందుకే కార్బురేటర్ గొంతు పైభాగాన ఒక పలక గాలిని అడ్డుకుంటుంది. దాని కింద ఇంజిన్ లాగే వాక్యూమ్ గాలికి బదులు పెట్రోలునే గట్టిగా లాగుతుంది. ఇంగ్లీషులో చోక్ అంటే గొంతు నొక్కడమే, పేరు సరిగ్గానే పెట్టారు.

పలకని మూసేది ద్విలోహ చుట్ట. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహపు రేకుల్ని అతికించి స్ప్రింగులా చుడతారు. చల్లబడితే అది ఒకవైపు మెలితిరిగి పలకని మూస్తుంది, వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. మొదటి పని ఇదే.

రెండోది ఆ చుట్టకి వేడి అందించడం. దీనికి నాలుగు దారులున్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వేడెక్కిన గాలిని సన్నటి గొట్టం గుండా చుట్ట ఉన్న డబ్బాలోకి లాగడం ఒకటి. చుట్టని కార్బురేటర్ నుంచి వేరుచేసి ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీది గుంటలో పెట్టి, సన్నటి కడ్డీతో పలకకి కలపడం రెండోది. రేడియేటర్ నీళ్లు, కరెంటు హీటరు మిగతా రెండు.

మూడో పని వాక్యూమ్‌ది. ఇంజిన్ అందుకున్న క్షణమే పలక కొద్దిగా తెరుచుకోవాలి, లేకపోతే పెట్రోలు ఎక్కువై ఊపిరాడక ఆగిపోతుంది. చిన్న డయాఫ్రమ్ గానీ పిస్టన్ గానీ మానిఫోల్డ్ వాక్యూమ్‌తో పలకని పట్టి లాగుతుంది. చేత్తో చోక్‌ని కాస్త లోపలికి తోసినట్టే ఇది.

నాలుగోది మెట్లున్న క్యామ్. చల్లటి ఇంజిన్ మామూలు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పటి నెమ్మది వేగంలో) నిలబడదు కాబట్టి, పలక మూసుకున్నంత సేపూ థ్రాటిల్ స్క్రూ ఆ క్యామ్ పై మెట్టు మీద కూర్చుని రేసు పెంచి ఉంచుతుంది. ఐదోది ఓవర్ అయినప్పుడు, అంటే లోపల పెట్రోలు ఎక్కువైపోయినప్పుడు, కాపాడే ఏర్పాటు. యాక్సిలరేటర్‌ని నేలకి తొక్కిపెడితే ఒక మీట పలకని బలవంతంగా కొంత తెరుస్తుంది, ఆ సందులోంచి గాలి వెళ్లి లోపలున్న అదనపు పెట్రోలుని ఊడ్చేస్తుంది.

సెల్ఫ్ కొట్టకముందే

రాత్రంతా చల్లారిన బండికి పొద్దున ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే గొంతులోకి చూడండి. పలక తెరిచే ఉంటే కంగారు వద్దు. నిన్న బండి ఆపినప్పుడు థ్రాటిల్ స్క్రూ క్యామ్‌కి అడ్డుగా నిలబడింది, అది తప్పుకునేదాకా చుట్ట ఎంత మెలితిరిగినా పలకని కదపలేదు. యాక్సిలరేటర్‌ని ఒక్కసారి నేల దాకా తొక్కి వదలాలి. అప్పుడు పలక టప్పున మూసుకుంటుంది, క్యామ్ పై మెట్టుకి చేరుతుంది, యాక్సిలరేటర్ పంపు ఒక చిమ్ము పెట్రోలు కొడుతుంది. చోక్ పోయిందని గ్యారేజీకి వచ్చే బండ్లలో కొన్నిటికి కావలసింది ఈ ఒక్క తొక్కుడే. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లకి అలవాటైన కాలికి ఈ సంగతి గుర్తుండదు.

ఆ తొక్కుడుకి గొంతులో పెట్రోలు ధార కనబడకపోతే సమస్య చోక్‌ది కాకపోవచ్చు. వారం రోజులు కదలని బండిలో కార్బురేటర్‌లో పెట్రోలు నిల్వ ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోతుంది. మెకానికల్ పంపున్న ఇంజిన్ అది మళ్లీ నిండేదాకా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. పలక ఎంత చక్కగా మూసుకున్నా లాగడానికి పెట్రోలంటూ ఉండాలి కదా.

తొక్కినా పలక కదలకపోతే వేలితో మెల్లగా ఆడించండి. ఏ మూలా పట్టకుండా, తన బరువుకే పడిపోయేంత తేలిగ్గా ఆడాలి. పట్టేస్తుంటే ఇరుసు రెండు చివర్లా కార్బురేటర్ క్లీనర్ కొట్టి కదపండి, మళ్లీ కొట్టండి. నూనె మాత్రం వెయ్యకండి. నాలుగు రోజులు బాగా ఆడి, ఆ తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. ఇక్కడ చాలామంది కనిపెట్టని దొంగ ఒకడున్నాడు. ఎయిర్ క్లీనర్ నడినెత్తిన ఉండే రెక్కల నట్టుని బలంకొద్దీ బిగిస్తే కార్బురేటర్ పైభాగం సన్నగా వంగి పలకని గోడలకి ఒరిపిస్తుంది. నట్టు వదులు చేయగానే పలక హాయిగా ఆడితే దొంగ దొరికినట్టే. సైజు కుదరని ఎయిర్ క్లీనర్ గాస్కెట్ మీటకి తగులుతోందేమో కూడా చూడండి.

పలక స్వేచ్ఛగానే ఆడుతూ, తొక్కినా మూసుకోకపోతే చుట్ట పని చూడాలి. మూత విప్పినవాళ్లు తిరిగి బిగించేటప్పుడు చుట్ట చివరి కొక్కెం లోపలి మీటకి తగిలించడం మరిచిపోతుంటారు. మూత మెల్లగా తిప్పుతుంటే పలక కూడా కదలాలి. కదలకపోతే కొక్కెం పడలేదు, లేదా చుట్ట విరిగింది. చుట్ట బాగుందో లేదో తేల్చడానికి మూతని ఊడదీసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టండి. కొక్కెం కంటికి కనబడేంతగా జరగాలి.

అందుకుని ఆగిపోతే

ఇంజిన్ అందుకుని రెండు మూడు సెకన్లలో గుడగుడలాడి నల్ల పొగతో ఆగిపోతే వాక్యూమ్ లాగుడు పనిచెయ్యడం లేదు. డయాఫ్రమ్ కడ్డీని వేలితో లోపలికి నొక్కి, గొట్టం తగిలించే రంధ్రాన్ని ఇంకో వేలితో మూసి, కడ్డీని వదలండి. రబ్బరు బాగుంటే కడ్డీ లోపలే ఉండిపోతుంది. మెల్లగా బయటికి జారితే చిల్లు పడ్డట్టే. చేతి వాక్యూమ్ పంపు ఉంటే 15 అంగుళాల (పాదరసం) దాకా లాగి, ముల్లు నిలబడుతుందో లేదో చూడండి. డయాఫ్రమ్ బాగుండి గొట్టమే పగిలి ఉండడం కూడా మామూలే, అది చవక బేరం. పిస్టన్ రకంలో మసి పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది, క్లీనర్‌తో కడిగితే వదులుతుంది.

లాగినప్పుడు పలకకీ గోడకీ మధ్య ఎంత సందు రావాలో ఆ కార్బురేటర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కొలతకి సరిపోయే డ్రిల్ బిట్ కాడని సందులో నిలిపి చూస్తే చాలు, వేరే గేజ్ అక్కర్లేదు. సందు తక్కువైతే రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయి ఆగుతుంది. ఎక్కువైతే పెట్రోలు చాలక, నల్ల పొగ లేకుండా, కార్బురేటర్‌లోంచి తుమ్మినట్టు శబ్దం చేసి ఆగుతుంది. ఆ తుమ్ము మంటతో సహా వస్తుంది కాబట్టి సెల్ఫ్ కొడుతున్నప్పుడు మొహం గొంతు మీదికి వంచకూడదు. అగ్నిమాపక సీసా చేతికందేంత దూరంలో ఉండాలి.

ఓవర్ అయి అసలు అందుకోని బండికి యాక్సిలరేటర్‌ని నేలకి తొక్కిపెట్టి, పంపు చెయ్యకుండా, సెల్ఫ్ కొట్టాలి. అలా చేసినా పలక తెరుచుకోకపోతే మీట చూడటానికి ముందు కాళ్ల కింద కార్పెట్ చూడండి. తర్వాత వేయించిన మందపాటి మ్యాట్ పెడల్‌ని అరంగుళం ముందే ఆపేస్తే, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు, ఆ మీట పలక దాకా చేరదు.

పది నిమిషాలైనా నల్ల పొగే

ఎక్కువ మందిని వేధించేది ఇదే: చల్లటి స్టార్ట్ బాగుంటుంది, బండి వేడెక్కినా రేసు దిగదు, పొగ పోదు, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసి పట్టిపోతాయి. ఇలాగే నడిపితే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెని కడిగేసి ఆయిల్ ట్రేలోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది.

ముందు రెండు అపోహలు తొలగించుకోవాలి. రేసు మాత్రమే ఎక్కువుండి పొగ లేకపోతే యాక్సిలరేటర్‌ని ఒకసారి తట్టి వదలండి. థ్రాటిల్ స్క్రూ ఒత్తిడికే క్యామ్ ఆగి ఉంటుంది, తట్టినప్పుడే కింది మెట్టుకి జారుతుంది. వేడెక్కిన ఇంజిన్‌కి పొగ వస్తుంటే పలకని వేలితో పూర్తిగా తెరిచి పట్టుకోండి. పొగ ఆగితే తప్పు చోక్‌దే. పలక నిటారుగా తెరిచి ఉన్నా పొగ ఆగకపోతే గిన్నెలో పెట్రోలు మట్టాన్ని చూసే ఫ్లోట్ గానీ నీడిల్ వాల్వు గానీ పెట్రోలు వదిలేస్తోంది, చోక్‌ని విడిచిపెట్టండి.

తప్పు చోక్‌దే అని తేలితే చుట్టకి వేడి చేరడం లేదన్నమాట. వేడిగాలి రకంలో ఇంజిన్ వేడెక్కాక గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలాలి. చల్లగా ఉంటే డబ్బాలోంచి వాక్యూమ్ లాగే సన్నటి దారి పూడుకుపోయి ఉంటుంది, లేదా మూత గాస్కెట్ దగ్గర గాలి దూరుతుంటుంది. మూత విప్పితే లోపల మసి కనబడిందా? ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లోపలి గొట్టం తుప్పుకి చిల్లు పడి, వేడిగాలికి బదులు పొగనే లాగుతోంది. అప్పుడు డబ్బా కడిగినా మళ్లీ మసే చేరుతుంది, గొట్టం మార్చాల్సిందే.

మానిఫోల్డ్ గుంటలో చుట్ట ఉండే రకంలో, గుంట కింద నుంచి పోవాల్సిన ఎగ్జాస్ట్ దారి బొగ్గు పట్టి మూసుకుపోతుంది. లేకపోతే ఎగ్జాస్ట్‌ని అటు మళ్లించే వాల్వు తెరుచుకున్న చోటే బిగుసుకుపోతుంది. అందం కోసమో, పవర్ కోసమో అల్యూమినియం మానిఫోల్డ్ గానీ హెడర్లు (రేసింగ్ రకం ఎగ్జాస్ట్ గొట్టాలు) గానీ వేయించిన చాలా బండ్లలో ఆ వేడి దారే ఉండదు. అలాంటి బండికి మూత ఎన్ని గీతలు తిప్పినా ఫలితం లేదు, కరెంటు చోక్‌కి మారడమే దారి.

కరెంటు చోక్ వైరు ఎక్కడ తగిలించాలన్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చేతికి దగ్గరగా ఉంది కదా అని ఇగ్నిషన్ కాయిల్ ప్లస్‌కి తగిలిస్తారు. చాలా అమెరికన్ బండ్లలో ఆ కాయిల్ ముందు వోల్టేజి తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ గానీ రెసిస్టెన్స్ వైరు గానీ ఉంటుంది. అక్కడ పూర్తి 12 వోల్టులు దొరకవు, పైగా చోక్ లాగే కరెంటు వల్ల స్పార్కు కూడా బలహీనపడుతుంది. రెసిస్టర్ లేని బీటిల్‌లో మాత్రం ఫ్యాక్టరీయే కాయిల్ 15 నంబరు టెర్మినల్ నుంచి చోక్‌కి వైరు ఇచ్చింది, అక్కడ అది సబబే.

ఇంకో చిక్కుంది. కీ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా పాటలు వింటూ కూర్చుంటే హీటరు వేడెక్కి పలక తెరుచుకుంటుంది, ఇంజిన్ మాత్రం చల్లగానే ఉంటుంది. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఎందుకు అందుకుంటుంది? దీన్ని తప్పించడానికి జనరల్ మోటార్స్ చాలా మోడళ్లలో చోక్ కరెంటుని ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా ఇచ్చింది. ఫోర్డ్ ఆల్టర్నేటర్ స్టేటర్ టెర్మినల్ నుంచి తీసుకుంది. రెండింట్లోనూ ఇంజిన్ తిరిగితేనే కరెంటు వస్తుంది. ఫోర్డ్ టెర్మినల్‌లో వచ్చేది సుమారు 7 వోల్టులే. మీటర్‌లో 7 చూసి వైరు పాడైందనుకోకండి. ఆ హీటరు ఆ వోల్టేజికే చేసినది, దానికి 12 ఇస్తే త్వరగా పోతుంది. కొత్తగా కొన్న 12 వోల్టుల చోక్‌ని ఆ వైరుకి తగిలిస్తే తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది.

మీటర్ ఒక కొసని చోక్ టెర్మినల్ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా కొలవండి. 12 వోల్టుల రకంలో 13.5 నుంచి 14 దాకా రావాలి. అంత వస్తున్నా మూత వేడెక్కకపోతే, మీటర్ ఒక కొసని చోక్ డబ్బాకీ రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కీ పెట్టండి. 0.2 వోల్టు కంటే ఎక్కువ కనబడితే ఎర్త్ సరిగా లేదు. కొన్ని రోచెస్టర్ కార్బురేటర్లలో మూత డబ్బాకి తగలడం వల్లే ఎర్త్ దొరుకుతుంది, మధ్యలో గాస్కెట్ వెయ్యకూడదు. రిపేరు కిట్‌లో గాస్కెట్ ఉంది కదా అని వేసేస్తే హీటరు ఇక వేడెక్కదు. ఎర్త్ బాగుండి వేడి లేకపోతే, వైరు పీకి హీటరు రెసిస్టెన్స్ చూడండి. కొద్ది ఓములు చూపించాలి. మీటర్ అనంతం చూపిస్తే హీటరు తెగింది.

బీటిల్ మీద ఒక మాట

1971 మోడల్ నుంచి వచ్చిన సోలెక్స్ 34 పిక్ట్-3 కార్బురేటర్‌లో చోక్ చుట్టూ అల్లుకున్న అపార్థాలు ఎక్కువ. ఇందులో ఐడిల్ స్పీడుని థ్రాటిల్ స్క్రూతో కాకుండా పక్కనున్న పెద్ద బైపాస్ స్క్రూతో సరిచెయ్యాలి. థ్రాటిల్ మీట మీద కనబడేది చల్లటి ఇంజిన్‌కి రేసు పెంచే ఫాస్ట్ ఐడిల్ స్క్రూ. రేసు తగ్గించాలని దాన్ని తిప్పినవాళ్లు చోక్‌నీ ఐడిల్‌నీ రెండింటినీ పాడుచేస్తారు. ఇంజిన్ వేడిగా, పలక పూర్తిగా తెరిచి ఉండగా ఆ స్క్రూని క్యామ్ కింది మెట్టు నుంచి విడిపించి, మళ్లీ తగిలీ తగలనంతగా తెచ్చి, అక్కడి నుంచి పావు చుట్టు బిగించాలి. ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

చలి తేమ ఉన్న ఉదయాల్లో బీటిల్ వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ తొక్కితే తడబడుతుంటే, పలక తెరిచే ఉంటే, చోక్‌ని వదిలి మానిఫోల్డ్ మధ్య గొట్టాన్ని ముట్టుకోండి. కొన్నిసార్లు దాని మీద మంచు పొర కనబడుతుంది. ఎగ్జాస్ట్ పొగతో దాన్ని వేడిచేసే సన్నటి గొట్టం బొగ్గుతో పూడిపోయిందని అర్థం. అయిదు నిమిషాలు నడిచాక ఆ సన్న గొట్టం రెండు వైపులా చెయ్యి పెట్టలేనంత కాలాలి. ఆ బొగ్గుని వదిలించడం చోక్ సరిచేయడం కంటే పెద్ద పనే.

ఇప్పుడు మూత తిప్పొచ్చు

పైవన్నీ సరిగ్గా ఉన్నాక మూత మీది గీతని ఫ్యాక్టరీ చెప్పిన గుర్తుకి తెచ్చి పెట్టండి. 34 పిక్ట్-3లో అది డబ్బా మీది మూడు గీతల్లో మధ్యది. అక్కడి నుంచి ఒక్కసారికి ఒక్క గీతే, అదీ చల్లటి ఇంజిన్ మీదే జరపాలి. ఫలితం చూడటానికి ఇంజిన్ మళ్లీ పూర్తిగా చల్లారాలి కాబట్టి రోజుకి ఒక్క ప్రయత్నమే సాధ్యం. ఎటు తిప్పితే రిచ్ అన్నది కార్బురేటర్‌ని బట్టి మారుతుంది. ఏ వైపు తిప్పితే పలక ఇంకా మూసుకుంటుందో అదే రిచ్ వైపు. 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చిన అమెరికన్ బండ్లలో ఎవరూ తిప్పకుండా స్క్రూలకి బదులు రివెట్లు కొట్టారు. వాటిని డ్రిల్ చేసి తీయాలి.

ఫాస్ట్ ఐడిల్ స్పీడు బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా అమెరికన్ ఇంజిన్లలో నిమిషానికి 1,500 నుంచి 2,000 చుట్ల మధ్య. దాన్ని ఇంజిన్ వేడిగా ఉండగా, స్టిక్కర్ చెప్పిన మెట్టు మీద స్క్రూ నిలబెట్టి సరిచెయ్యాలి. మూసిన గ్యారేజీలో మాత్రం ఈ పని వద్దు, రిచ్‌గా నడిచే ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఫ్యాక్టరీ గుర్తు చలి దేశాల్ని దృష్టిలో పెట్టుకుని వేసింది. షికాగో జనవరి పొద్దుకి అది సరిగ్గా సరిపోతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో అలాంటి బండి ఉంటే ఒకటి రెండు గీతలు లీన్ (పెట్రోలు తక్కువ) వైపు జరపడమే మేలు. మే నెలలో తెల్లవారుజామునే 30 డిగ్రీలుంటే పలక పూర్తిగా మూసుకోదు, మూసుకోవాల్సిన అవసరమూ లేదు. అప్పుడు మూసి తీరాలని రిచ్ వైపు తిప్పితే బండి రోజూ ఓవర్ అవుతుంది. అదే బండి డిసెంబరులో లంబసింగి ఎక్కితే ఒక గీత వెనక్కి కావాలనిపించొచ్చు. ఇథనాల్ కలిపిన పెట్రోలు చలిలో ఆవిరవడానికి ఎక్కువ వేడి అడుగుతుంది, దానిలోని ఆక్సిజన్ మిశ్రమాన్ని కాస్త లీన్ చేస్తుంది. పాత మాన్యువల్ చెప్పిన గీత దగ్గర చల్లటి స్టార్ట్ కొంచెం తడబడితే ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకుని ఒక్క గీత రిచ్ చేసి చూడండి.